షాట్‌గన్ గొట్టం కురచ చేస్తే: 18 అంగుళాల లెక్క

అమెరికా పల్లెల్లో పాత సింగిల్ షాట్ షాట్‌గన్ అంటే ఇంట్లో పలుగూ పారలతో పాటు ఉండే వస్తువు. మధ్యలో విరిచి ఒక తూటా పెట్టి, మూసి, సుత్తి వెనక్కి లాగి పేల్చడం, అంతే. హెచ్ అండ్ ఆర్, న్యూ ఇంగ్లండ్ ఫైర్‌ఆర్మ్స్, స్టీవెన్స్ పేర్లతో ఇలాంటివి లెక్కలేనన్ని ఉన్నాయి. సాధారణంగా గొట్టం 28 అంగుళాలు, తుపాకీ మొత్తం సుమారు 43 అంగుళాలు. ఎగిరే పిట్టను కొట్టడానికి ఆ పొడవు బాగుంటుంది. కోళ్ల గూటి దగ్గరికో, ట్రక్కు క్యాబిన్‌లోకో తీసుకెళ్లాలంటే మాత్రం అడ్డం. అందుకే గొట్టాన్ని కురచ చేయించుకోవాలన్న ఆలోచన అక్కడ చాలా మందికి వస్తుంది.

ఫెడరల్ చట్టం దీన్ని ఒక హద్దు దాకా ఒప్పుకుంటుంది. కోత తర్వాత గొట్టం 18 అంగుళాలకు, తుపాకీ మొత్తం 26 అంగుళాలకు తగ్గకపోతే ముందస్తు అనుమతీ అక్కర్లేదు, పన్నూ లేదు. గొట్టం 17.9 అంగుళాలకు వచ్చిందంటే అదే వస్తువు నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ పరిధిలోకి పడిపోతుంది. రిజిస్టర్ కాని అలాంటి ఆయుధాన్ని తయారు చేసినా, దగ్గర ఉంచుకున్నా పదేళ్ల వరకు జైలు. రెండున్నర మిల్లీమీటర్ల తేడాకు ఇంత శిక్షా అనిపించవచ్చు. చట్టం మాత్రం ఉద్దేశపూర్వకంగానే అలా రాసి ఉంది.

ఈ 18 ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే మిగతాది సులువుగా అర్థమవుతుంది. 1934లో గ్యాంగ్‌స్టర్ల కాలంలో అమెరికా కాంగ్రెస్ ఆ చట్టం చేసినప్పుడు, మొదటి ముసాయిదాలో మెషిన్‌గన్‌లతో పాటు పిస్టళ్లు, రివాల్వర్లు కూడా ఉన్నాయి. పిస్టల్‌ను కట్టడి చేసి షాట్‌గన్‌ను వదిలేస్తే, జనం షాట్‌గన్‌నే కోసి కోటు కింద దాచుకుంటారు కదా. ఆ సందు మూయడానికే పొట్టి గొట్టాల నిబంధన పెట్టారు. తర్వాత వ్యతిరేకత వచ్చి పిస్టళ్లను ముసాయిదా నుంచి తీసేశారు, సందు మూసిన నిబంధన మాత్రం అలాగే మిగిలిపోయింది. గోడ కట్టకుండానే తలుపుకు తాళం వేసినట్టు అయింది. మొదట రైఫిల్‌కూ షాట్‌గన్‌కూ ఒకటే 18 అంగుళాల హద్దు. 1960లో రైఫిల్‌కు 16కు దించారు, షాట్‌గన్‌ను ముట్టుకోలేదు. 18 దగ్గర ఆయుధం స్వభావం ఏదో ఒక్కసారిగా మారిపోతుందని చెప్పే శాస్త్రం ఏమీ లేదు. చట్టానికి ఎక్కడో ఒక గీత కావాలి, అక్కడ గీశారు.

ఆ గీత సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1938లో జాక్ మిల్లర్, ఫ్రాంక్ లేటన్ అనే ఇద్దరు ఓక్లహోమాలోని క్లేర్‌మోర్ నుంచి ఆర్కాన్సాలోని సైలోమ్ స్ప్రింగ్స్‌కు ఒక స్టీవెన్స్ 12 గేజ్ (గేజ్ అంటే గొట్టం లోపలి వ్యాసపు కొలత) డబుల్ బ్యారెల్ తుపాకీని తీసుకెళ్తూ పట్టుబడ్డారు. దాని గొట్టాలు 18 అంగుళాలకు తక్కువ, రిజిస్ట్రేషన్ లేదు. కింది కోర్టు కేసు కొట్టేసింది. 1939 మేలో సుప్రీంకోర్టు దాన్ని తిరగదోడింది: ఇలాంటి తుపాకీకీ క్రమబద్ధమైన మిలీషియాకూ సంబంధం ఉందని చూపే ఆధారం తమ ముందు లేదు కాబట్టి, ఆయుధ హక్కు గురించి చెప్పే రాజ్యాంగ రెండో సవరణ దానికి రక్షణ ఇస్తుందని చెప్పలేమంది. నిందితుల తరఫున ఆ రోజు వాదించడానికి ఎవరూ రాలేదు. ఒక్క వైపు వాదనే విని ఇచ్చిన తీర్పు అది. 2008లో హెల్లర్ కేసులో సొంత ఆయుధ హక్కును విస్తరించిన కోర్టు కూడా, పొట్టి గొట్టం షాట్‌గన్ మామూలు పౌరులు చట్టబద్ధ పనులకు వాడే కోవలోకి రాదని మిల్లర్ తీర్పును చదివింది.

కొలతలో జరిగే పొరపాట్లు

చట్టం చిక్కుల్లో సగం కొలత దగ్గరే పుడతాయి. బయటికి కనిపించే గొట్టాన్ని టేపుతో కొలవడం తప్పు. తూటా కూర్చునే గది కూడా గొట్టంలో భాగమే, అది ముందు చెక్క వెనక, కీలు దగ్గర సగం దాక్కుని ఉంటుంది. అక్కడ్నుంచి కాకుండా చెక్క అంచు నుంచి కొలిస్తే లెక్క తక్కువ చూపిస్తుంది, అది ప్రమాదం లేని పొరపాటు. ప్రమాదం రెండో వైపు నుంచి వస్తుంది: వెనక లోహపు చట్రాన్ని కూడా కలుపుకుని కొలిచి, 18 ఉందిలే అనుకోవడం.

ఆల్కహాల్, పొగాకు, ఆయుధాల వ్యవహారాలు చూసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ పాటించే పద్ధతి ఒకటే. తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకోవాలి. దాన్ని మూసి, సుత్తి వెనక్కి లాగి ఉంచాలి. మూతి వైపు నుంచి సన్నటి గుండ్రటి చెక్క కడ్డీని లోపలికి జారవిడవాలి. అది వెనక బ్రీచ్ ముఖానికి, అంటే తూటా వెనక ఆనే లోహపు గోడకు తగిలి ఆగాక, మూతి అంచుకు సమానంగా కడ్డీ మీద గీత గీయాలి. కడ్డీ బయటికి తీసి ఆ గీత దాకా కొలిస్తే అదే చట్టం దృష్టిలో గొట్టం పొడవు. మూతిని కాస్త ఇరుకు చేయడానికి మరతో బిగించిన చోక్ ట్యూబ్ ఉంటే దాన్ని ముందు తీసేయాలి, ఎందుకంటే చేత్తో తిప్పితే ఊడివచ్చేది ఏదీ లెక్కలోకి రాదు. శాశ్వతంగా అతికించినదైతేనే కలుస్తుంది. శాశ్వతం అంటే పూర్తి వెల్డింగ్, 1,100 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడిలో చేసే వెండి టంకం, లేదా పిన్ను దిగ్గొట్టి దాని తల మీద వెల్డింగ్ చేయడం. బలమైన జిగురు దీనికి పనికిరాదు.

అమెరికా గన్‌స్మిత్‌లు, అంటే తుపాకులు బాగుచేసేవాళ్లు, సాధారణంగా సరిగ్గా 18 దగ్గర ఆగరు. 18.5 దగ్గర ఆగుతారు. కోసిన అంచు ఎప్పుడూ కాస్త వంకరగానే వస్తుంది. దాన్ని గొట్టం నడిమి రేఖకు నిట్టనిలువుగా సరిచేయాలి, లోపలి అంచున లేచిన గరుకు తీయాలి, మూతి కొసను నున్నగా చేయాలి. ఈ ఒక్కో పనికీ కొంత లోహం పోతుంది. రేపు మూతి దెబ్బతిని మళ్లీ సరిచేయాల్సి వస్తే ఇంకొంత పోతుంది. ఆ అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు, ఈ నష్టాలన్నిటికీ ముందే పక్కన పెట్టిన నిల్వ. ఫ్యాక్టరీలు అమ్మే పొట్టి షాట్‌గన్ల గొట్టాలు కూడా ఎక్కువగా 18.5 అంగుళాలు ఉండటానికి కారణం ఇదే.

మొత్తం పొడవు దగ్గర సింగిల్ షాట్‌కు తనదైన చిక్కు ఉంది. ముందు పిడిని వెనక్కీ ముందుకీ జరిపి తూటా మార్చే పంప్ తుపాకీలో గొట్టం వెనక పొడవైన రిసీవర్, అంటే యంత్రభాగం ఉండే లోహపు పెట్టె ఉంటుంది. విరిచే తుపాకీలో అది దాదాపు లేదు. 43 అంగుళాల తుపాకీలో 28 గొట్టం పోను మిగిలేది 15 అంగుళాలు, అది చట్రం, వెనుక చెక్క కలిపి. గొట్టం 18.5కు తెస్తే మొత్తం 33.5. హాయిగా 26 దాటింది. ఇక్కడితో ఆగితే సమస్య లేదు. కానీ కొందరు వెనుక చెక్క మడమను కూడా తీసేసి పిస్టల్ పిడి బిగిస్తారు. ఆ 15 అంగుళాలు ఏడుకో ఎనిమిదికో దిగితే మొత్తం 26 అంచుకు, లేదా దానికీ కిందికి వస్తుంది. గొట్టం నిక్షేపంగా 18.5 ఉన్నా సరే, షాట్‌గన్ నుంచి చేసిన ఆయుధం 26కు తగ్గితే అదీ నేరమే. రెండు కొలతల్లో ఏది తప్పినా చాలు. మొత్తం పొడవును గొట్టం రేఖకు సమాంతరంగా కొలుస్తారు, వంగిన పిడి వంపు వెంట కాదు. ఆ తేడా తెలియక అంగుళం ఎక్కువ ఉందనుకునేవాళ్లున్నారు.

గొట్టం పోతే ఏం పోతుంది

పొట్టి గొట్టం గుండ్లను విపరీతంగా చిమ్ముతుందన్నది సినిమాలు నేర్పిన మాట. చిమ్మడానికి కారణం పొడవు తగ్గడం కాదు, చోక్ పోవడం. షాట్‌గన్ గొట్టం చివరి రెండు మూడు అంగుళాల్లో లోపలి వ్యాసం కాస్త ఇరుకవుతుంది. 12 గేజ్‌లో మామూలు వ్యాసం 0.729 అంగుళం. ఫుల్ చోక్ అయితే మూతి దగ్గర అంతకంటే 35 నుంచి 40 వేలవంతుల అంగుళం తక్కువ, అంటే ఇంచుమించు ఒక మిల్లీమీటరు. గుండ్ల గుంపును కూడగట్టి పంపేది ఆ ఒక్క మిల్లీమీటరే. కోతలో మొదట పోయేదీ అదే. మిగిలిన గొట్టాన్ని సిలిండర్ బోర్ అంటారు.

40 గజాల దూరంలో 30 అంగుళాల వలయం గీసి అందులో ఎన్ని గుండ్లు పడ్డాయో లెక్కపెట్టడం పాత ప్రమాణం. ఫుల్ చోక్‌కు 70 శాతం, అంతకంటే తక్కువ ఇరుకైన మాడిఫైడ్‌కు 60, ఇంప్రూవ్డ్ సిలిండర్‌కు 50, చోక్ లేని సిలిండర్‌కు 40. భారీ తూటాల గొప్పలకు పోకుండా మామూలు తూటానే తీసుకుందాం: 1⅛ ఔన్సుల 6 నంబరు సీసపు గుండ్లు, సుమారు 253. ఫుల్ చోక్‌తో వలయంలో పడేవి 177. కోత తర్వాత 101. అదే వలయంలో ఖాళీలు పిట్ట పట్టేంత పెద్దవవుతాయి. కోసిన సింగిల్ షాట్‌ను పట్టుకుని బాతుల వేటకు వెళ్లడం దండగ. పాతిక గజాల లోపు కుందేలుకో, కోళ్ల మీద పడ్డ నక్కకో సరిపోతుంది. మొదటి నుంచీ సిలిండర్ బోరే ఉన్న గొట్టాన్ని కోస్తే మాత్రం గుండ్ల వ్యాప్తిలో చెప్పుకోదగ్గ తేడా రాదు.

వేగం నష్టం జనం భయపడేంత ఉండదు. షాట్‌గన్ మందు గొట్టం మొదటి భాగంలోనే చాలావరకు కాలిపోతుంది. అంగుళానికి సాధారణంగా సెకనుకు 5 నుంచి 10 అడుగులు తగ్గుతుంది. తొమ్మిదిన్నర అంగుళాలు తీసేస్తే వంద అడుగుల లోపే. సుమారు 1,200 అడుగుల వేగంతో బయల్దేరే గుండ్లకు అది పెద్ద లోటు కాదు. అసలు లోటు భుజానికి, చెవికి. సింగిల్ షాట్ అసలే తేలిక, ఐదారు పౌండ్లు. ముందు వైపు బరువు పోయాక తన్నుడు పెరుగుతుంది, మూతి పైకి లేస్తుంది. మంట, శబ్దం మనిషి ముఖానికి దగ్గరవుతాయి. కదిలే లక్ష్యం వెంట తుపాకీ నిలకడగా తిరగడానికి తోడ్పడేది ముందు బరువే. అది లేక గురి మధ్యలో ఆగిపోతుంది.

చిన్న విషయాల్లా కనిపించేవి మరో మూడు. గురి చూసే పూస కోసిన ముక్కతో పాటే పోతుంది. కొత్తది సరైన ఎత్తులో, సరిగ్గా నడుమ కూర్చోకపోతే తుపాకీ ఒక పక్కకు కొడుతుంది. మూతి అంచు వంకరగా ఉంటే, గుండ్లను మోసుకెళ్లే ప్లాస్టిక్ గిన్నె ఒక వైపు ముందు వదిలి, రెండో వైపు ఆలస్యంగా వదులుతుంది. దాంతో గుంపు మొత్తం పక్కకు జరుగుతుంది. ఇక కోసిన చోట కొత్తగా మరలు వేసి చోక్ ట్యూబ్ పెట్టించుకుందాం అనుకునేవాళ్లకు గోడ మందం అడ్డొస్తుంది. గొట్టం వెనక మందంగా మొదలై ముందుకు పోయేకొద్దీ పలచబడుతుంది. చోక్ ట్యూబుల కోసం చేసిన వాటిలో మూతి దగ్గర మాత్రమే కాస్త దళసరి ఉంచుతారు. నడిమి పలచటి చోట మరలు తొలిస్తే గోడ మిగలదు. ఆ పని ఒప్పుకోని గన్‌స్మిత్ మంచివాడు.

పుట్టుకలో పొట్టి, కోతలో పొట్టి

చట్టాల్లో విడ్డూరమైన సంగతి ఇక్కడుంది. చాలా దేశాలు గొట్టం పొడవును మాత్రమే చూడవు, అది ఎలా పొట్టిదైందో చూస్తాయి. కెనడా క్రిమినల్ కోడ్ ప్రకారం రంపంతో కోసి, లేదా మరోలా మార్చి గొట్టాన్ని 457 మిల్లీమీటర్ల కిందికి, లేదా మొత్తం పొడవును 660 కిందికి తెస్తే అది నిషిద్ధ ఆయుధం. 457 అంటే మన 18 అంగుళాలే, 660 అంటే 26. అయితే ఫ్యాక్టరీలోనే పొట్టిగా తయారైన పంప్ షాట్‌గన్ గొట్టం ఎనిమిదిన్నర అంగుళాలే ఉన్నా ఈ మాట దానికి తగలదు. నేరం రంపానిది, కొలతది కాదు.

అమెరికాలోనూ దీనికి జోడీ ఉంది. 2017లో వచ్చిన మాస్‌బర్గ్ 590 షాక్‌వేవ్ గొట్టం 14 అంగుళాల పైచిలుకే. కానీ అది ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడే భుజానికి ఆనించే చెక్క లేకుండా, పక్షి తల ఆకారపు పిడితో వస్తుంది. మొత్తం పొడవు 26.37 అంగుళాలు. ఎన్నడూ భుజానికి ఆనించేలా చేయలేదు కాబట్టి ఫెడరల్ చట్టంలో అది షాట్‌గనే కాదు, పొట్టి షాట్‌గన్ అసలే కాదు. అదే రూపాన్ని పాత సింగిల్ షాట్‌ను కోసి తెచ్చుకుంటే జైలు. రెండూ పక్కపక్కన పెడితే మామూలు మనిషి తేడా చెప్పలేడు. రాష్ట్రాల చట్టాలు వేరు. కాలిఫోర్నియా లాంటివి మామూలు పౌరులకు పొట్టి షాట్‌గన్లను రిజిస్ట్రేషన్ ఉన్నా ఒప్పుకోవు.

18 కిందికి చట్టబద్ధంగా వెళ్లాలంటే, ఒప్పుకునే రాష్ట్రాల్లో, దారి ఒకటే: కోతకు ముందు కాగితం. ఏటీఎఫ్ ఫారం 1 నింపి, వేలిముద్రలు, ఫొటో ఇచ్చి, స్థానిక పోలీసు అధికారికి సమాచారం పంపాలి. అనుమతి చేతికొచ్చాకే గొట్టాన్ని ముట్టుకోవాలి. చేసినవారి పేరు, ఊరు, రాష్ట్రం లోహం మీద అంగుళంలో కనీసం మూడు వేలవంతుల లోతున చెక్కాలి. 1934 చట్టం పెట్టిన పన్ను 200 డాలర్లు; ఆ రోజుల్లో అది సింగిల్ షాట్ ధరకు ఎన్నో రెట్లు. 2025 జూలై 4న సంతకమైన చట్టంతో 2026 జనవరి 1 నుంచి ఈ కోవ ఆయుధాలకు పన్ను సున్నా అయింది. పన్ను పోయింది కానీ రిజిస్ట్రేషన్ పోలేదు. "ఇక ఫ్రీ" అన్న వార్త చదివి రంపం అందుకున్నవాడు పాత నేరాన్నే చేస్తాడు. ముందు కోసి తర్వాత ఫారం పంపడం కూడా కుదరదు. కోసిన క్షణంలోనే నేరం పూర్తవుతుంది.

ఈ అంగుళాలు ఎంత దూరం లాక్కెళ్లగలవో 1992లో ఐడహోలోని రూబీ రిడ్జ్ చూపించింది. రాండీ వీవర్ అనే వ్యక్తి ప్రభుత్వ ఇన్‌ఫార్మర్‌కు రెండు కోసిన షాట్‌గన్లు అమ్మాడన్నది ఆరోపణ. కోర్టుకు హాజరు కాకపోవడంతో మొదలై ముట్టడి దాకా వెళ్లింది. ఒక ఫెడరల్ మార్షల్, వీవర్ భార్య, పద్నాలుగేళ్ల కొడుకు చనిపోయారు. 1993లో జ్యూరీ తుపాకుల అభియోగం నుంచి అతన్ని విడుదల చేసింది. కోర్టుకు రాకపోవడం, బెయిల్ షరతు ఉల్లంఘన మాత్రమే నిలిచాయి.

బ్రిటన్‌లో గీత ఇంకా పైన ఉంది. 1968 చట్టం ప్రకారం షాట్‌గన్ గొట్టం 24 అంగుళాలకు తగ్గకూడదు, అంతకన్నా కురచ చేయడమే నేరం. కొలత మూతి నుంచి మందు అంటుకునే చోటు దాకా. దెబ్బతిన్న ముక్కను మార్చడానికి రిజిస్టర్డ్ డీలరు తాత్కాలికంగా కోయవచ్చు, పని ముగిసేసరికి మళ్లీ 24 ఉండాలి.

మన దగ్గర

భారత ఆయుధ చట్టం, 1959 ఈ విషయంలో అందరికన్నా కఠినం, పైగా సూటిగా ఉంటుంది. సెక్షన్ 6లో అంగుళాల ప్రస్తావనే లేదు. దీనికంటూ విడిగా లైసెన్సు లేకుండా ఏ తుపాకీ గొట్టాన్నీ ఎంత మేరకైనా కురచ చేయకూడదు. 30 అంగుళాల సింగిల్ బ్యారెల్‌ను 28 చేసినా సెక్షన్ 6 వర్తిస్తుంది. తుపాకీ ఉంచుకోవడానికి కలెక్టరో పోలీస్ కమిషనరో ఇచ్చిన లైసెన్సు కోతకు అనుమతి కాదు. శిక్ష సెక్షన్ 25(1)లో ఉంది. 2019 డిసెంబరు దాకా మూడు నుంచి ఏడేళ్లు. సవరణ తర్వాత కనీసం ఏడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం, జరిమానా అదనం. మూతి దెబ్బతిన్న పాత తుపాకీని ఊళ్లో లేత్ మెషీన్ ఉన్న మిస్త్రీ దగ్గర "ఒక అంగుళం తీసెయ్" అనడం, అమెరికాలో నేరమే కాని పని, ఇక్కడ ఇద్దరినీ ఆ సెక్షన్ కిందికి తెస్తుంది.

అంగుళాలు సెక్షన్ 13లో కనిపిస్తాయి. రక్షణకో క్రీడకో సామాన్య పౌరుడికి లైసెన్సు ఇవ్వదగిన నున్నటి గొట్టం తుపాకీ అంటే గొట్టం 20 అంగుళాలకు తగ్గనిదని అందులో ఉంది. పంట కాపలాకు మూతి నుంచి మందు కూరే తుపాకీ. అంటే అమెరికాలో పూర్తిగా చట్టబద్ధమైన 18.5 అంగుళాల సింగిల్ షాట్ ఇక్కడి ఈ నిర్వచనంలోనే పట్టదు.

అమెరికాలో ఉండే తెలుగువారికి ఇంకో పొర ఉంది. హెచ్-1బీ లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవారు తుపాకీ దగ్గర ఉంచుకోవడమే సాధారణంగా ఫెడరల్ నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది. వారాంతంలో రేంజికి వెళ్లే అలవాటున్న చాలామంది ఈ షరతును పట్టించుకోరు. గ్రీన్ కార్డు ఉన్నవారు కొనవచ్చు, 18 పైన ఉండేలా కురచ చేయించుకోవచ్చు. కానీ రిజిస్టర్ కాని పొట్టి షాట్‌గన్ విషయంలో వర్తించే 5861 సెక్షన్‌ను వలస చట్టం తీవ్ర నేరాల జాబితాలో పేరుపెట్టి చేర్చింది. ఆ సెక్షన్ కింద నేరం రుజువైతే గ్రీన్ కార్డుదారుకు జైలుతో పాటు దేశ బహిష్కరణ ప్రక్రియ మొదలవుతుంది, దాన్ని ఆపమని వలస న్యాయమూర్తిని కోరే దారుల్లో చాలావరకు అక్కడితో మూసుకుపోతాయి.